మోటబిలిటీ కారు ఎవరికి వస్తుంది? పాఠకుల ప్రశ్నలకు జవాబులు

బ్రిటన్‌లో ఉంటున్న తెలుగు పాఠకుల నుంచి ఇటీవల వచ్చిన ఉత్తరాలలో చాలా భాగం వికలాంగులకు అక్కడ అమలులో ఉన్న మోటబిలిటీ కారు లీజు పథకానికి సంబంధించినవే. 2025 నవంబరు బడ్జెట్‌లో ఈ పథకం మీద పన్ను రాయితీలను తగ్గించడం, అంతకు ముందు నుంచే పత్రికలలో దీని మీద వాదోపవాదాలు సాగుతుండడం ఇందుకు కారణాలు కావచ్చు. దాదాపు ప్రతి ఉత్తరంలోనూ "ప్రభుత్వం ఇచ్చే ఉచిత కారు" అన్న మాట ఉంది కాబట్టి ముందుగా ఆ సంగతి తేల్చుకోవడం మంచిది. ప్రభుత్వం కారు ఇవ్వదు. రాకపోకలలో తీవ్రమైన ఇబ్బంది ఉన్నవారికి ప్రతి వారం భత్యం ఇస్తుంది. భత్యం పొందుతున్న వ్యక్తి కోరుకుంటే ఆ డబ్బును నేరుగా మోటబిలిటీ ఆపరేషన్స్ అనే కంపెనీకి మళ్లించి, దానికి బదులుగా కారునో, విద్యుత్ చక్రాల కుర్చీనో, స్కూటర్‌నో లీజుకు తీసుకోవచ్చు. అందువల్ల కారు షోరూముకు వెళ్లే ముందు తేల్చుకోవలసిన విషయాలన్నీ ఆ భత్యం చుట్టూనే ఉంటాయి.

ప్రశ్న: మా అబ్బాయికి ఏడేళ్లు. ఆటిజం ఉంది. నడవగలడు, పరుగెత్తగలడు. కాని రోడ్డు మీద చెయ్యి విడిపించుకొని ఎటు పడితే అటు పరుగు తీస్తాడు; బస్సెక్కితే చెవులు మూసుకొని కేకలు పెడతాడు. మా దంపతులకు ఇక్కడ శాశ్వత నివాస అనుమతి ఉంది. కాళ్లు బాగానే ఉన్న పిల్లవాడికి, అందులోనూ స్టీరింగు పట్టే వయసు లేనివాడికి, ఈ పథకం వర్తిస్తుందా?
— ఒక తల్లి, రెడింగ్

జవాబు: వర్తించే అవకాశం ఉందమ్మా. లబ్ధిదారు స్వయంగా కారు నడపాలన్న షరతు ఏదీ లేదు. మూడేళ్లు నిండిన పిల్లల కోసం తల్లిదండ్రులు కారు తీసుకొని తామే నడపవచ్చు. అయితే మీ అబ్బాయికి డిసెబిలిటీ లివింగ్ అలవెన్స్ అనే భత్యంలో మొబిలిటీ (రాకపోకల) భాగం ఎక్కువ రేటులో మంజూరై ఉండాలి, కారుకు దరఖాస్తు చేసేనాటికి ఆ మంజూరుకు కనీసం 12 నెలల గడువు మిగిలి ఉండాలి. మీరు స్కాట్లండుకు మారితే అక్కడ ఈ భత్యం స్థానంలో చైల్డ్ డిసెబిలిటీ పేమెంట్ ఉంటుంది, దాని మీద కూడా కారు తీసుకోవచ్చు.

నడవగలిగే పిల్లలకు ఎక్కువ రేటు సులభంగా రాదు. మీలాంటి కుటుంబాలకు ఉన్న ప్రధానమైన దారి తీవ్రమైన మానసిక వైకల్యానికి సంబంధించిన నిబంధన. బుద్ధి వికాసంలోనూ నలుగురితో మెలగడంలోనూ తీవ్రమైన లోపం ఉండడం, ఎవరో ఒకరు పట్టుకొని ఆపవలసినంతగా ప్రవర్తన అదుపు తప్పుతుండడం, వీటితో పాటు సంరక్షణ భాగం అత్యధిక రేటులో మంజూరై ఉండడం ఇందులోని షరతులు. అత్యధిక రేటు సంరక్షణ అంటే పగలూ రాత్రీ కూడా కనిపెట్టుకొని ఉండవలసి రావడం. కాబట్టి మీ అబ్బాయి రాత్రి ఎన్నిసార్లు లేస్తాడు, లేచినప్పుడు మీలో ఎవరు మేలుకొని ఉంటారు, వీధి తలుపుకు అదనపు గొళ్లెం ఎందుకు పెట్టించుకున్నారు వంటివి కారుకు సంబంధం లేనట్టు కనిపించినా, చివరికి కారు వచ్చేదీ రానిదీ వాటి మీదే ఆధారపడుతుంది.

ఈ ఫారం పూరించడంలో మన కుటుంబాలు చేసే పొరపాటు ఒకటుంది. నలుగురిలో పిల్లవాడిని తక్కువ చేయకూడదన్న పెంపకం మనది. బయటకు వెళ్లేటప్పుడు సాయం కావాలా అని అడిగిన గడిలో "అప్పుడప్పుడు, మేం చూసుకుంటాం" అని రాసి ఊరుకుంటారు. ఫారం చదివే అధికారికి ఆ వాక్యంలో అవసరమేమీ కనిపించదు. దానికి బదులు, బడి నుంచి ఇంటికి వచ్చే దారిలో ఏం జరుగుతుందో రాయండి: ఎవరు ఏ చేతిని ఎలా పట్టుకుంటారు, ఏ మలుపు దగ్గర నేల మీద పడుకుండిపోతాడు, కదిలించడానికి ఎంతసేపు పడుతుంది, చివరిసారిగా రోడ్డు మీదికి పరుగెత్తినప్పుడు ఏమైంది. రెండు వారాల పాటు ఒక పుస్తకంలో రోజూ నాలుగు వాక్యాలు రాసుకొని దాని నకలు జతచేయండి. బడిలో ప్రత్యేక విద్యా అవసరాలు చూసే టీచరు నుంచి ఒక లేఖ తీసుకోండి. ఇది బిడ్డను కించపరచడం కాదు, వాడికి చట్టం ఇచ్చిన హక్కును అడగడం. మొదటిసారి తిరస్కరిస్తే ఒక నెల లోపు పునఃపరిశీలన కోరవచ్చు, అప్పటికీ కాదంటే ట్రైబ్యునల్‌కు వెళ్లవచ్చు. సిటిజన్స్ అడ్వైస్ కార్యాలయాలలో ఈ పనికి ఉచితంగా సాయం చేస్తారు. అబ్బాయికి పదహారేళ్లు వచ్చాక పెద్దవారికి ఇచ్చే పర్సనల్ ఇండిపెండెన్స్ పేమెంట్‌కు, అంటే అందరూ పిప్ అని పిలిచే భత్యానికి, కొత్తగా మదింపు జరుగుతుందని కూడా గుర్తుంచుకోండి.

ప్రశ్న: పోలియో వల్ల నా కుడి కాలు చచ్చుబడింది. మూడేళ్లుగా స్కిల్డ్ వర్కర్ వీసా మీద ఇక్కడ సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తూ పన్నులన్నీ కడుతున్నాను. నాకు ఈ కారు తప్పక వస్తుందని సహోద్యోగి అంటున్నారు. దరఖాస్తు చేయవచ్చా?
— ఒక పాఠకుడు, మిల్టన్ కీన్స్

జవాబు: చేయకండి. మీ సహోద్యోగికి మీ వీసా షరతులు తెలిసి ఉండకపోవచ్చు. మీ నివాస అనుమతి మీద "ప్రభుత్వ నిధులకు అర్హత లేదు" అన్న షరతు ఉంటుంది. పిప్ ఆ నిధుల జాబితాలో ఉంది. పన్ను కడుతున్నారా లేదా అన్నది ఇక్కడ లెక్కలోకి రాదు. ఇది న్యాయమేనా అని మీరు అడిగితే న్యాయమని నేను అనలేను, కాని షరతును అతిక్రమించి భత్యం తీసుకుంటే రేపు శాశ్వత నివాసానికి దరఖాస్తు చేసినప్పుడు అదే అడ్డం తిరుగుతుంది. శాశ్వత నివాసం వచ్చాక ఆ షరతు తొలగిపోతుంది. పిప్‌కు గత మూడేళ్లలో రెండేళ్లు బ్రిటన్‌లో ఉండాలన్న మరో నిబంధన ఉంది కాని, అది మీకు అప్పటికే పూర్తయి ఉంటుంది. ఈ వీసా మీద అయిదేళ్లకు శాశ్వత నివాసం ఇవ్వడం ఇంతకాలంగా ఉన్న పద్ధతి, దానిని పొడిగించే ప్రతిపాదనలు 2025లో వచ్చాయి కాబట్టి మీ గడువు ఎప్పుడన్నది ఇమిగ్రేషన్ సలహాదారు దగ్గర నిర్ధారించుకోండి.

ఈ లోగా మీరు చేయగలిగినవి కొన్ని ఉన్నాయి. పార్కింగుకు ఇచ్చే బ్లూ బ్యాడ్జ్ స్థానిక కౌన్సిల్ మంజూరు చేసేది, అది వీసా షరతులో చెప్పిన ప్రభుత్వ నిధి కిందికి రాదు. కుడి కాలు పని చేయని వారు ఆటోమేటిక్ కారులో ఎడమ కాలికి యాక్సిలరేటర్ అమర్చుకొని గాని, పూర్తిగా చేతితో నడిపే అమరికతో గాని నడపవచ్చు. మీకు ఏది సరిపడుతుందో పరీక్షించి చెప్పే డ్రైవింగ్ మదింపు కేంద్రాలు దేశమంతటా ఉన్నాయి. సొంత డబ్బుతో కొనేముందు అక్కడ ఒక పూట గడపడం వల్ల పనికిరాని అమరికకు డబ్బు పోసే ప్రమాదం తప్పుతుంది. మీ కాలి పరిస్థితిని లైసెన్సు కార్యాలయమైన డీవీఎల్ఏకు తెలియజేయడం తప్పనిసరి. భారతీయ లైసెన్సు మీద ఇక్కడ నివాసం మొదలైన నాటి నుంచి 12 నెలలు మాత్రమే నడపవచ్చు. మూడేళ్లు దాటిన మీరు బ్రిటిష్ పరీక్ష ఇప్పటికీ రాయకపోతే ముందు చూసుకోవలసింది అది.

ప్రశ్న: నా వయసు 71. మోకాళ్ల నొప్పులతో పది అడుగులు వేయలేకపోతున్నాను. నాకు అటెండెన్స్ అలవెన్స్ వస్తోంది. దాని మీద కారు ఇస్తారా?
— ఒక విశ్రాంత ఉద్యోగి, హారో

జవాబు: ఇవ్వరు. అటెండెన్స్ అలవెన్స్ పెన్షను వయసు దాటినవారి సంరక్షణకు ఇచ్చే భత్యం, అందులో రాకపోకల భాగమే లేదు, ప్రభుత్వ పెన్షను వయసు దాటాక పిప్‌కు కొత్తగా దరఖాస్తు చేయడానికి సాధారణంగా వీలుండదు. పెన్షను వయసుకు ముందే పిప్‌లో మొబిలిటీ భాగం మంజూరైన వారికి మాత్రం ఆ తరువాత కూడా అది కొనసాగుతుంది, వారి కారూ కొనసాగుతుంది. ఒకే నొప్పి అరవై నాలుగేళ్లకు మొదలైతే కారు, డెబ్బయ్యికి మొదలైతే ఏమీ లేదన్న ఈ తేడా మీద విమర్శలు ఎప్పటినుంచో ఉన్నాయి. మీ ఇంట్లో అరవై దాటిన వారెవరైనా నడవలేక ఇబ్బంది పడుతుంటే వారి దరఖాస్తును వాయిదా వేయవద్దని చెప్పండి. మీరు బ్లూ బ్యాడ్జ్‌కు అడగవచ్చు.

ప్రశ్న: ప్రమాదంలో వెన్నెముక దెబ్బతిన్న నాకు పిప్ మొబిలిటీ భాగం ఎన్‌హాన్స్‌డ్ (ఎక్కువ) రేటులో వస్తోంది. దానిని నగదుగా తీసుకొని పాత కారు కొనుక్కోవడం మేలా, మోటబిలిటీకి ఇచ్చేయడం మేలా? కొత్త పన్నుల వల్ల ఈ పథకం దండగ అని మా బావగారు అంటున్నారు.
— ఒక పాఠకుడు, లెస్టర్

జవాబు: అంకెలతో మొదలుపెడదాం. ఎన్‌హాన్స్‌డ్ రేటు 2025–26లో వారానికి 77.05 పౌండ్లు. ఏడాదికి సుమారు 4,007, మూడేళ్ల లీజుకు సుమారు 12,020 పౌండ్లు. కొన్ని కార్లకు భత్యం మొత్తం పోదు, మిగిలినది మీ ఖాతాలోనే పడుతుంది. ఖరీదైన కార్లకు భత్యం చాలదు. ఆ తేడాను అడ్వాన్స్ పేమెంట్ పేరుతో మొదట్లోనే ఒకేసారి కట్టాలి, అది సాధారణంగా తిరిగి రాదు. మూడేళ్లు తిరిగేసరికి కారు వెనక్కు ఇచ్చేయాలి కాబట్టి మీ చేతిలో ఆస్తి ఏమీ మిగలదు. చక్రాల కుర్చీతో సహా ఎక్కగలిగేలా తయారు చేసిన వాహనాలకు లీజు అయిదేళ్లు.

ఇక ఆ డబ్బుకు ఏం వస్తుందో చూడండి. బీమా, సర్వీసింగు, మరమ్మతులు, దారిలో ఆగిపోతే సాయం, అన్నీ అందులోనే. బావగారి లెక్కలో బహుశా బీమా లేదు. మీరు పాత కారు కొంటే దాని ధరతో పాటు బీమా ప్రీమియం ఏటా మీ నెత్తిన పడుతుంది, గేరుబాక్సు పోయిన నెల ఇంటి బడ్జెట్ తలకిందులవుతుంది. వెన్నెముక దెబ్బ తిన్న వారికి కారు ఆగిపోవడమంటే ఆసుపత్రి అపాయింట్‌మెంట్ పోవడమే. చేతితో తోసి లాగే బ్రేకు–యాక్సిలరేటర్ అమరిక, స్టీరింగు మీద పట్టుకోవడానికి గుండ్రటి పిడి వంటి చాలా అమరికలను లీజు మొదట్లోనే అడిగితే అదనపు ఖర్చు లేకుండా బిగించి ఇస్తారు. మరోవైపు, మీరు తక్కువ దూరాలే తిరుగుతూ, ఇంట్లో మంచి కారు ఉండి, నడిపేవారూ ఉంటే నగదే మీకు ఎక్కువ ఉపయోగపడుతుంది. టాక్సీలకు, ఫిజియోథెరపీకి వాడుకోవచ్చు. చాలామందికి తెలియని విషయం ఒకటి: ఎన్‌హాన్స్‌డ్ రేటు వచ్చేవారు సొంతంగా కొన్న కారుకు కూడా, అది వారి అవసరాలకే వాడేదైతే, వాహన పన్ను నుంచి పూర్తి మినహాయింపు పొందవచ్చు. దీనికోసం మోటబిలిటీలో చేరనక్కర లేదు.

కొత్త పన్నుల సంగతి. 2026 జులై నుంచి మొదలయ్యే లీజులలో అడ్వాన్స్ పేమెంట్ మీద 20 శాతం వ్యాట్, బీమా మీద 12 శాతం ప్రీమియం పన్ను వర్తిస్తాయి. చక్రాల కుర్చీ వాడేవారి కోసం ప్రత్యేకంగా రూపొందించిన వాహనాలకు మినహాయింపు ఉంది. బీఎండబ్ల్యూ, మెర్సిడెస్, ఆడి వంటి బ్రాండ్లను 2025 నవంబరులోనే జాబితా నుంచి తీసేశారు. వాటిని చూపించి ఈ పథకం మొత్తాన్ని విలాసమని తిట్టిన పత్రికలు ఆ తేడా డబ్బును వినియోగదారులే కట్టుకునేవారన్న సంగతిని అంతగా చెప్పలేదు. బ్రిటన్‌లో అమ్ముడయ్యే కొత్త కార్లలో దాదాపు అయిదింట ఒకటి ఈ పథకానికే వెళుతుంది. ఇంత పెద్ద కొనుగోలుదారుకు పన్ను రాయితీ ఎందుకన్న ప్రశ్న మాత్రం అసమంజసం కాదు. మీ వరకు పన్నుల వల్ల ఖర్చు కొంత పెరుగుతుంది గాని, అడ్వాన్స్ లేని లేదా తక్కువ అడ్వాన్స్ ఉన్న కారు ఎంచుకుంటే ఆ దెబ్బ పెద్దగా తగలదు.

నన్ను అడిగితే పన్నుల కంటే పునర్మదింపు మీద మీరు ఎక్కువ దృష్టి పెట్టాలి. భత్యం ఆగిపోతే కొన్ని వారాలలోనే కారు తిరిగి ఇవ్వవలసి వస్తుంది, మీరు అప్పీలు చేసుకున్నా సరే. పిప్‌లో ఎన్‌హాన్స్‌డ్ రేటుకు 12 పాయింట్లు కావాలి. నిలబడి 20 మీటర్లకు మించి నడవలేని వారికి ఆ పాయింట్లు వస్తాయి. 50 మీటర్ల వరకు నడవగలిగితే అన్నీ రావు. అందుకే "ఎంత దూరం నడవగలరు" అన్న ప్రశ్నకు మంచి రోజున, పళ్లు బిగించి నడిచిన దూరం చెప్పకూడదు. సురక్షితంగా, తగిన విధంగా, అవసరమైనన్ని సార్లు, తగిన సమయంలో నడవగలిగిన దూరమే లెక్కలోకి వస్తుందని నిబంధనలే చెబుతున్నాయి. ఇంటి గుమ్మం నుంచి పార్కింగు దాకా ఎన్ని మీటర్లో ఒకసారి టేపుతో కొలిపించి పెట్టుకోండి. ఆ దూరంలో ఎక్కడ ఆగుతారో, ఆగాక మళ్లీ కదలడానికి ఎంతసేపు పడుతుందో, ఆ సాయంత్రం ఎలా గడుస్తుందో రాయండి. ట్రైబ్యునల్ దాకా వెళ్లిన పిప్ కేసులలో సగానికి పైగా దరఖాస్తుదారులకు అనుకూలంగా తేలుతున్నాయి కాబట్టి తిరస్కరణ లేఖ రాగానే డీలాపడిపోకండి.

ప్రశ్న: మా అత్తగారికి మోటబిలిటీ కారు ఉంది. నడిపేది నేను. ఆమె కారులో లేకుండా నేను బయటకు తీస్తే తప్పా? మా ఇంట్లో ఉండి చదువుకుంటున్న మేనల్లుడు సాయంత్రాలు దీనితో ఫుడ్ డెలివరీ చేస్తానంటున్నాడు.
— ఒక కోడలు, స్లౌ

జవాబు: మీ సంగతి వేరు, మేనల్లుడి సంగతి వేరు. కారు వికలాంగురాలి ప్రయోజనం కోసం వాడాలన్నది నియమం. ఆమె ప్రతిసారీ కారులో ఉండాలన్నది నియమం కాదు. ఆమెకు మందులు, ఇంటికి కూరగాయలు తేవడం తప్పు కాదు. ఆమె ఇంట్లోనే ఉండగా మీరు రోజూ మీ ఉద్యోగానికి కారు తీసుకుపోతే మాత్రం సంస్థ ప్రశ్నించే అవకాశం ఉంది.

డెలివరీకి మాత్రం ససేమిరా వద్దనండి. కిరాయికీ, డెలివరీ పనులకూ ఈ బీమా వర్తించదు. బీమాలో పేరు లేని వ్యక్తి నడపడం అసలే కుదరదు. ప్రమాదం జరిగితే నష్టం మేనల్లుడితో ఆగదు. బీమా లేకుండా నడిపిన నేరం అతని లైసెన్సు మీద పడుతుంది, లీజు రద్దయితే అత్తగారికి కారు పోతుంది. పిల్లవాడు విద్యార్థి వీసా మీద ఉంటే మరో చిక్కు ఉంది. డెలివరీ యాప్‌లలో చేసేది స్వయం ఉపాధి కింద లెక్క, విద్యార్థి వీసాలో స్వయం ఉపాధికి అనుమతి లేదు.

ప్రశ్న: మా అక్కకు రెండు కాళ్లకూ పోలియో. ప్రభుత్వ పాఠశాలలో టీచరు. చేతితో నడిపే కారు కొనాలని ఆమె కోరిక. బ్రిటన్‌లో ఉన్నలాంటి లీజు మనకు ఎందుకు లేదు? ఇక్కడ ఏ రాయితీలు ఉన్నాయి?
— ఒక తమ్ముడు, హనుమకొండ

జవాబు: బ్రిటన్‌లో కూడా మొదట ఇది లేదు. 1970ల దాకా అక్కడి ప్రభుత్వం వికలాంగులకు ఇన్వాకార్ అనే లేత నీలం రంగు మూడు చక్రాల బండి ఇచ్చేది. దానిలో ఒక్కటే సీటు. భార్యనో బిడ్డనో పక్కన కూర్చోబెట్టుకునే వీలు లేదు. పెద్ద గాలికి బోల్తా పడుతుందన్న భయం సరేసరి. 1976లో దాని స్థానంలో నగదు రూపంలో మొబిలిటీ అలవెన్స్ ప్రవేశపెట్టారు గాని, ఆ డబ్బు కారు కొనడానికి చాలలేదు. ఆ భత్యాన్ని నేరుగా లీజు అద్దెగా మళ్లిస్తే బ్యాంకులు పెట్టుబడి పెట్టడానికి ముందుకొస్తాయన్న ఆలోచనతో 1977లో మోటబిలిటీ ధార్మిక సంస్థను నెలకొల్పారు. 1978లో మొదటి కార్లు అందాయి. పథకాన్ని నడిపే కంపెనీకి నేటికీ పెద్ద బ్యాంకులే యజమానులు. ప్రతి వారం ఠంచనుగా వచ్చే ప్రభుత్వ డబ్బు ఉంది కాబట్టే వాళ్లకు ఆ ధైర్యం.

మనకు లేనిది ఆ భత్యమే. తెలంగాణలో వికలాంగుల పింఛను నెలకు 4,016 రూపాయలు, ఆంధ్రప్రదేశ్‌లో 2024 నుంచి 6,000 రూపాయలు. ఇవి పేదవారి తిండికీ మందులకూ ఉద్దేశించినవి, మీ అక్కలాంటి ఉద్యోగులకు రావు. బ్రిటన్‌లో పిప్ జీతంతో నిమిత్తం లేకుండా వస్తుంది.

కారు కొనుగోలు సంగతికి వస్తే, 4 మీటర్ల లోపు పొడవుతో 1,200 సీసీ లోపు పెట్రోలు లేదా 1,500 సీసీ లోపు డీజిలు కార్ల మీద శారీరక వికలాంగులకు 28 శాతానికి బదులు 18 శాతం జీఎస్టీ వసూలు చేసేవారు. 2025 సెప్టెంబరు 22 నుంచి ఆ తరహా చిన్న కార్లకు అందరికీ 18 శాతమే అయింది. అంటే, మిగిలినవారికి ధర తగ్గిన మాట నిజమే గాని, వికలాంగురాలిగా ఆమెకు ప్రత్యేకంగా ఉన్న వెసులుబాటు ఆవిరైపోయింది. అమరికల ఖర్చు అదనంగా భరించేది ఆమే కాబట్టి, సమానమైన పన్ను ఇక్కడ సమానం కాదు.

ఆటోమేటిక్ కారు ఎంచుకొని, పుణెలోని ఏఆర్ఏఐ వంటి పరీక్షా సంస్థ ఆమోదించిన చేతి నియంత్రణ కిట్‌నే బిగించుకోమనండి. వీధి చివర మెకానిక్ ఇనుప కడ్డీ అతికించి ఇచ్చేదాన్ని రవాణా శాఖ అధికారులు ఒప్పుకోకపోవచ్చు, ప్రమాదం జరిగితే బీమా కంపెనీ అసలే ఒప్పుకోదు. మోటారు వాహనాల చట్టం ఇటువంటి కారును "అడాప్టెడ్ వెహికిల్" అంటుంది. మార్పు వివరాలు రిజిస్ట్రేషన్ పత్రంలో ఎక్కాలి, లైసెన్సు కూడా ఆ తరహా వాహనానికే తీసుకోవాలి. రిజిస్ట్రేషన్ కోసం నింపే ఫారం 20లో యజమాని దివ్యాంగులని నమోదు చేసే వీలును 2020లో కల్పించారు. డీలర్లు చాలాసార్లు ఆ గడిని వదిలేసి మామూలు వ్యక్తిగత యాజమాన్యం కింద రాసేస్తారు కాబట్టి సంతకం పెట్టే ముందు అక్కను చూసుకోమనండి. జీవిత పన్ను మినహాయింపుకు ఏ పత్రాలు కావాలో కారు బుక్ చేయడానికి ముందే హనుమకొండ రవాణా కార్యాలయంలో, యూడీఐడీ కార్డు (దివ్యాంగుల గుర్తింపు కార్డు) చూపించి, రాతపూర్వకంగా అడిగి తెలుసుకోండి. డెలివరీ అయ్యాక అడిగితే, కట్టిన పన్ను వెనక్కు రాబట్టుకోవడానికి కార్యాలయం చుట్టూ తిరగవలసి వస్తుంది.